తియ్యొద్దన్న గది

చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథల్లో రాజుగారు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "మూడు దిక్కులకీ వేటకి వెళ్ళండి నాయనా, ఉత్తర దిక్కుకి మాత్రం పోకండి" అని. చిన్నకొడుకు సరాసరి అటే పోయేవాడు. పోకపోతే కథెక్కడిది?

ఫ్రెంచివాళ్ళకీ ఇలాంటి కథ ఒకటుంది. 1697లో షార్ల్ పెరో అచ్చు వేయించిన నీలిగడ్డం దొర కథ. ఊరెళ్తూ కొత్తపెళ్ళాం చేతికి తాళాలగుత్తి ఇచ్చి, "ఇల్లంతా నీదే, ఆ ఒక్క చిన్నగది మాత్రం తియ్యకు" అంటాడు. ఆ పిల్ల తీస్తుంది. లోపల అంతకుముందు పెళ్ళాల శవాలు! జారిపడ్డ తాళంచెవికి నెత్తురంటుతుంది. ఇసకేసి తోమినా ఆ మరక పోదు.

డాఫ్నే డ్యూ మోరియే 1938లో రాసిన 'రెబెకా' నవలకి ఈ కథతో ఉన్న చుట్టరికం నేను కనిపెట్టింది కాదు, విమర్శకులు ఎప్పట్నించో అంటున్నదే. అంతకుముందు 1847లో వచ్చిన 'జేన్ ఐర్'లో అయితే షార్లెట్ బ్రాంటీ నీలిగడ్డం కోటని పేరెత్తి మరీ తలుచుకుంది. అది వేరే సంగతి.

'రెబెకా' కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. మాంటీకార్లోలో ఒక డబ్బున్నావిడ దగ్గర తోడుగా పనిచేసే పేదపిల్లని, తనకి రెట్టింపు వయసున్న మాక్సిమ్ అనే దొర రెండో పెళ్ళి చేసుకుని మాండర్లీ బంగళాకి తీసుకొస్తాడు. మొదటి భార్య రెబెకా సముద్రంలో మునిగి చనిపోయిందంటారు. ఆవిడ ఉన్న పడమటి వైపు గదులు మూసే ఉంచారు. కానీ లోపల దువ్వెనలూ, రాత్రి దుస్తులూ ఎక్కడివక్కడే! అన్నీ అలా కాపాడుతున్నది ఇల్లు చూసుకునే మిసెస్ డాన్వర్స్. నవలంతా వెతికినా దయ్యం కనబడదు. ఉన్నదల్లా రెబెకా పేరులోని మొదటి అక్షరం. చేతిరుమాలు మీదా అదే, కాగితాల మీదా అదే. పెళ్ళికి ముందు ఆ పిల్ల ఒక పుస్తకంలోంచి రెబెకా చేతిరాత ఉన్న పేజీ చింపి తగలబెడుతుంది. అన్నిటికంటే ఆఖర్న కాలేది ఆ అక్షరమే. ఇదే కదండీ, తోమినా పోని మరక!

ఈ భయం నాకు కొత్త కాదు. మా పిన్ని రెండో పెళ్ళివాడికి భార్యగా వెళ్ళింది. ఆ ఇంట్లో బిందె నించి గరిట దాకా మొదటావిడ పేరు చెక్కి ఉండేది. పిన్ని ఆ పేరు మీదే రోజూ పీచు పెట్టి తోమేది. ఇక్కడ నవల్లో ఆ పిల్ల ఒక పింగాణీ బొమ్మ పగలగొట్టి, ముక్కలు సొరుగులో దాచేస్తుంది. తన ఇంట్లో తనే దొంగ! ఆ ఒక్క సంఘటనకి డ్యూ మోరియేకి దండం పెట్టచ్చు.

తర్వాత మునిగిన పడవ దొరుకుతుంది, అందులో శవం. నేనే కాల్చి చంపానంటాడు మాక్సిమ్. అప్పుడా పిల్లకి కలిగేది భయం కాదు, సంతోషం! ఈయన రెబెకాని ప్రేమించలేదట, అది చాలు ఆమెకి. డిగ్రీ చదివే రోజుల్లో ఆ పేజీల దగ్గర నేనూ "అమ్మయ్య" అనుకున్నా. చెప్పొద్దూ, నలభై దాటాక మళ్ళీ చదివితే ఆ 'అమ్మయ్య' గుర్తొచ్చి సిగ్గేసింది. పెరో కథలో పిల్ల శవాలు చూసి ప్రాణం కోసం గిలగిల్లాడింది, అన్నలొచ్చి కాపాడారు. ఇక్కడి పిల్ల తలుపు మళ్ళీ మూసి, మొగుడి పక్కన నిలబడింది.

రెబెకా మంచిదని నేననను. బెన్ అనే అమాయకుణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టిస్తానని బెదిరించింది కూడా. కానీ ఆవిడ చివరి రాత్రి ఏం జరిగిందో చెప్పేది చంపినవాడొక్కడే. ఆవిడే రెచ్చగొట్టిందంటాడు. కోర్టులో చంపినవాళ్ళు ఇంకేమంటారు? ఇది రచయిత్రికి తెలిసే రాసిందా, మనలాగే ఆ పిల్ల మాయలో పడి రాసిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నవల బలం ఆ తేలకపోవడంలోనే ఉందేమో అని నా అనుమానం.

హిచ్‌కాక్ 1940లో సినిమా తీసినప్పుడు, భార్యని చంపిన భర్త శిక్ష లేకుండా పోవడం అక్కడి సెన్సారు నియమాలకి కుదరక, రెబెకా పడిపోయి తలకి దెబ్బ తగిలి చనిపోయినట్టు మార్చారు. దాంతో కథకి కోరలు పీకేసినట్టయింది. హిందీలో 1964లో 'కొహ్‌రా' వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఎవరనుకున్నారు? మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడిన వహీదా రెహమానే!

శవం దొరికాక వచ్చే విచారణా, బ్లాక్‌మెయిలూ, లండన్ డాక్టరు దగ్గరికి పరుగూ మామూలు డిటెక్టివ్ సరుకే. కాస్త విసుగ్గా ఉన్నా ఓపిక పట్టండి.

మొన్న పిన్నికి ఈ కథంతా చెప్పాను. గుడ్లప్పగించి విని, "ఇంతకీ ఆ రెండోదాని పేరేమిటే?" అంది.

నాలుగొందల పేజీల పైచిలుకు నవల్లో ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు.