ఊరి పేరే జవాబు

స్పెయిన్ దేశపు నాటకాలు మన పాఠకులకు కొత్త. అయినా ఒక్కటి మాత్రం మనవాళ్ళు తప్పక చదవదగినదని మా అభిప్రాయం. అది లోపే దె వేగా (1562–1635) రచించిన ‘ఫ్వెంతె ఓవెహూనా’. 1619లో మాద్రిద్‌లో అచ్చయిన ఈ నాటకాన్ని, విక్టర్ డిక్సన్ ఇంగ్లీషు అనువాదంతో 1989లో ఆరిస్ అండ్ ఫిలిప్స్ వారు ప్రచురించారు. మూలమూ అనువాదమూ ఎదురెదురు పుటల్లో ఉన్నాయి. అక్షరాలు కూడబలుక్కొని తల్లిభాష నేర్చిన మనవంటివారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

కథకు మూలం 1476లో నిజంగా జరిగిన తిరుగుబాటు. ఫ్వెంతె ఓవెహూనా కొర్దోబా ప్రాంతపు పల్లె. దానిపై కలత్రావా సైనిక సంఘపు దళపతి ఫెర్నాన్ గోమెస్ పెత్తనం. ఆడవాళ్ళను చెరపట్టడం అతనికి ఆట. అతని చెరనుంచి తప్పించుకొన్న లౌరెన్సియా పెద్దల సభలోకి జొరబడి, ఊరి పేరుకు తగ్గ గొర్రెలే మీరని మగవాళ్ళను దెప్పిపొడుస్తుంది. ఊరంతా లేచి దళపతిని చంపుతుంది. విచారణాధికారి వచ్చి ముసలివాళ్ళనూ పిల్లలనూ సైతం హింసించినా, చంపినదెవరంటే అందరూ ఊరి పేరే చెబుతారు.

ఇందులో మమ్మల్ని ఆకట్టుకొన్నది మరొక ఘట్టం. అధికారి రాకముందే ఊరివాళ్ళు కూర్చొని ఆ జవాబును వల్లె వేస్తారు. అంటే ఆ ఐకమత్యం పుట్టుకతో వచ్చినది కాదు, సాధన చేసి నేర్చుకొన్నది.

మన పెద్దల సంగతి చూడండి. 1879 నుంచి 1916 వరకు గిర్మిట్ మీద ఫిజీ చేరినవారు 60 వేలకు పైమాటే. 1903 నుంచి మదరాసు రేవు మీదుగా మనవాళ్ళూ వచ్చారు. ఒక ఊరివాళ్ళు కారు, ఒక భాషవాళ్ళు కారు, మనిషికొక నెంబరు. 1912లో కుంతి అనే కూలీ స్త్రీ ఓవర్‌సియర్ బారినుంచి తప్పించుకోడానికి నదిలో దూకింది. లౌరెన్సియాకు లేచిన ఊరివంటిది ఆమెకు అక్కడ లేదు. ఓడలో కలిసినవాళ్ళు జహాజీలమని వరసలు కలుపుకొని, అటువంటి ఊరిని మెల్లగా తయారుచేసుకోవలసి వచ్చింది.

మేముండే ఈ రెజైనాలో 1885లో మేతీల నాయకుడు లూయీ రియేల్‌ను విచారించి, జూరీ దయ చూపమన్నా ఉరితీశారు. జాన్ కౌల్టర్ రాసిన ఆ విచారణ నాటకాన్ని 1967 నుంచి ఎన్నో వేసవులు ఇక్కడ ఆడారు. అందులో బోనులో నిలిచేది ఒక్క మనిషి. లోపే నాటకంలో ఊరు ఊరంతా నిలుస్తుంది. రాజు ఫెర్డినాండ్ క్షమించేది కూడా కేవలం దయతో కాదు. నేరం పెద్దదే అయినా వ్రాతమూలకంగా తేలలేదు గనుక క్షమించక తప్పలేదు.

1933లో కవి లోర్కా ‘లా బర్రాకా’ బృందంతో ఈ నాటకం ఆడించినప్పుడు రాజుగారి ఘట్టాలు తొలగించారు. ఆ కోతతో ఈ మెలిక కూడా పోతుంది. అందుచేత మొత్తం పాఠం చదవడమే మేలు. లోపమూ లేకపోలేదు. ఊరు చివరికి మరొక యజమాని నీడకే చేరుతుంది. సుంకర, వాసిరెడ్డిగార్ల ‘మాభూమి’ (1947) ఎరిగినవారికి ఈ ముగింపు చప్పగా తోచవచ్చు.

అయినా మూడవ అంకంలోని ఆ సాధన ఘట్టాన్ని తెలుగు చేసి, మన పిల్లలచేత ఆడించవలసిందిగా సంఘాల పెద్దలకు మా మనవి.