తెలుపు కోసం నిప్పుతో: మినో మట్టికళ, దాని అంతర్జాతీయ పోటీ

జపాన్ ప్రధాన ద్వీపం నడుమ, గిఫు రాష్ట్రపు దక్షిణ భాగంలో తజిమి, తోకి, మిజునామి, కని అనే పట్టణాలు ఒకదానికొకటి చేరువలో ఉన్నాయి. పూర్వం మినో అని పేరున్న ఈ ప్రాంతంలో మట్టిపాత్రల పని 1300 ఏళ్లకు పైగా సాగుతూ వస్తున్నది; నేటికీ ఆ దేశంలో తయారయ్యే పింగాణీ భోజన పాత్రలలో సుమారు సగం ఇక్కడి ఆములలో కాలినవే. ఇటువంటి చోట 1986లో ఒక అంతర్జాతీయ మట్టికళా పోటీ మొదలై, సాధారణంగా మూడేళ్లకు ఒకసారి జరుగుతూ, 2020లో జరగవలసిన పన్నెండవది మహమ్మారి కారణంగా 2021కి వాయిదా పడగా, పదమూడవది 2024లో జరిగింది. ఇటలీలోని ఫయెంజా పట్టణం 1938లోనే మట్టికళకు పోటీ పెట్టింది. దక్షిణ కొరియాలోని గ్యోంగి రాష్ట్రం 2001 నుంచి ద్వైవార్షిక ప్రదర్శన జరుపుతున్నది. మట్టిపని చేసేవారు ఈ మూడింటినీ గౌరవంగా చూస్తారు. అయితే మినో పోటీకి వచ్చిన పేరు బహుమతి వల్ల వచ్చింది కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ కొండల్లో పనిచేసి, పేర్లు మిగల్చకుండా వెళ్లిపోయిన కుమ్మరులు మట్టిపనికి ఒక కొలమానం పెట్టి పోయారు. ఆ కొలమానం తెలియకుండా అక్కడికి పాత్ర పంపడమంటే, ఎదుటివారు ఏమడుగుతున్నారో వినకుండానే జవాబు చెప్పడం.

ఆ కొలమానం పదహారవ శతాబ్దపు చివరి పాతికేళ్లలో, మొమొయామా యుగమని చరిత్రకారులు పిలిచే కాలంలో ఏర్పడింది. అప్పట్లో తేనీటి సేవనం జపాన్ ప్రభువర్గానికి ఒక సాధనగా మారి, అందులో వాడే గిన్నెకు కోటతో సమానమైన విలువ పలికే స్థితి వచ్చింది. అంతకుముందు చైనా, కొరియా దేశాల గిన్నెలకే ఆ గౌరవం ఉండేది. చైనా పింగాణీ తెల్లదనం అందరినీ ఆకర్షించినా, దానికి కావలసిన తెల్లమన్నుతో పాత్ర చేసే విద్య అప్పటికి జపాన్‌కు పట్టుబడలేదు. క్యూషూ ద్వీపంలోని అరితాలో పింగాణీ తయారీ పదిహేడవ శతాబ్దం ఆరంభంలో గాని మొదలుకాలేదు. మినో కుమ్మరులు పింగాణీ మన్ను లేకుండానే తెలుపును సాధించడానికి పూనుకోగా, ఆ ప్రయత్నంలోనూ దాని చుట్టుపక్కలా నాలుగు శైలులు పుట్టాయి: కిసెతో, సెతోగురో, షినో, ఒరిబే.

కిసెతో అంటే పసుపు సెతో. చెట్ల బూడిద కలిపిన పూతను పాత్రపై పట్టించి, గాలి బాగా ఆడే ఆములో కాలిస్తే, అందులోని కొద్దిపాటి ఇనుము లేత పసుపు రంగునిస్తుంది. గీసిన ఆకుల మీద అక్కడక్కడా రాగి ద్రావణం చుక్కలు పెడతారు. పల్చని పళ్లెమైతే ఆ ఆకుపచ్చ మట్టిలోకి ఇంకి, రెండోవైపుకు కూడా తేలుతుంది. అలా తేలిన మచ్చను దోషంగా కాక పాత్రకు దక్కిన అదృష్టంగా చూడటం తేనీటి గురువులకు అలవాటయింది.

సెతోగురో, అంటే నల్ల సెతో, కథ ఇంకా తీవ్రమైనది. ఆము కాలుతున్నప్పుడు లోపల పూత కరిగిందో లేదో తెలుసుకోవడానికి కుమ్మరి ఒక చిన్న ముక్కను కన్నంలోంచి బయటకు లాగి చూసుకుంటాడు. ఇనుము కలిసిన పూత ఆములోనే నెమ్మదిగా చల్లారితే గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎర్రగా కాలుతుండగానే బయటకు తీస్తే మాత్రం చిక్కని నలుపుకు వస్తుంది. పరీక్ష ముక్కలో కనబడిన ఈ తేడాను పట్టుకుని, మొత్తం గిన్నెనే 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడిలో ఇనుప పటకారుతో బయటకు లాగే పద్ధతిని వారు స్థిరపరిచారు. నిప్పుకణికలా మెరుస్తున్న గిన్నె చల్లగాలి తగలగానే మసకబారి, చూస్తుండగానే నల్లబడుతుంది. పటకారు పట్టిన చోట పూత చెదిరి ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను ఎవరూ చెరిపివేయలేదు. ఈ గిన్నె నిప్పులోంచి ఏ క్షణంలో బయటపడిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

షినో గురించి కొంత ఎక్కువగా చెప్పుకోవాలి. జపాన్‌లో తెల్లని పూత అనదగ్గది మొదట ఇక్కడే పుట్టింది, పూతకింద కుంచెతో బొమ్మ గీయడమూ ఇక్కడే మొదలైంది. ఈ పూతకు మూలం దాదాపు ఒకే ఒక్క రాయి, ఫెల్డ్‌స్పార్. గ్రానైటు వంటి శిలల్లో తెల్లగా, గులాబీ చాయగా కనబడే ఈ ఖనిజాన్ని మెత్తగా నూరి నీటిలో కలిపి పాత్రపై దట్టంగా పట్టిస్తారు. ఫెల్డ్‌స్పార్ కరిగినా నీళ్లలా జారదు, తేనె కంటే చిక్కగా కదులుతుంది. లోపలి గాలిబుడగలు పైకి వచ్చి పగిలినచోట సన్నని రంధ్రాలు మిగిలి, పాత్ర ఉపరితలం నారింజ తొక్కను తలపిస్తుంది. పూత పల్చబడిన అంచుల దగ్గర మట్టిలోని కొద్దిపాటి ఇనుము ఎర్రని చాయగా బయటపడుతుంది. జపనీయులు దీన్ని నిప్పు రంగు అంటారు. వేడి చాలకపోతే పూత సుద్దలా మిగిలిపోతుంది, మితిమీరితే గాజులా మారి లోతు పోతుంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకు దారిలో రోజుల తరబడి కాల్చి, అంతే నెమ్మదిగా చల్లార్చాలి.

పూత ఒక్కటే చాలదు, దాని కింద తగిన మన్ను ఉండాలి. మొగుసా అని పేరున్న స్థానిక మన్నులో ఇనుము తక్కువ, జిగటా తక్కువే, ముట్టుకుంటే ఇసుకలా పలపలగా ఉంటుంది. సారె మీద పలచగా లాగడానికి లొంగదు కాబట్టి గిన్నె గోడ మందంగానే నిలుస్తుంది. ఆ మందమే వేడి తేనీటిని పట్టుకున్న రెండు చేతులకూ హాయినిస్తుంది. తక్కువ జిగట గల మన్నును నింద్యంగా చూసే కుమ్మరులు లోకమంతటా ఉన్నారు. మినోవారు మాత్రం ఆ మన్ను ఏ ఆకారానికి ఒప్పుకుంటుందో దాన్నే గిన్నె ఆకారంగా స్వీకరించారు. పాత్రపై ముందుగా ఇనుప మన్ను పూసి, దాన్ని గీకి బొమ్మ తేల్చి, ఆపై తెల్లపూత పట్టిస్తే బూడిదరంగు నేలపై తెల్లగీతలు కనిపించే మరో రకం వస్తుంది. దీనికి ఎలుక షినో అని పేరు. టోక్యోలోని మిత్సుయి స్మారక సంగ్రహాలయంలో ఉన్న ఉనోహనగకి అనే షినో గిన్నె జపాన్ జాతీయ సంపదగా ప్రకటితమైంది. ఆ హోదా పొందిన తేనీటి గిన్నెలు ఎనిమిది ఉంటే, వాటిలో జపాన్‌లో తయారైనవి రెండే, ఒకటి ఇది. కొంచెం వంకర తిరిగిన గోడ, దానిపై కంచె కర్రల్లా అడ్డదిడ్డంగా సాగిన ఇనుప గీతలు, వాటిని కప్పీ కప్పని తెలుపు తప్ప ఆ గిన్నెలో వేరే అలంకారం ఏదీ లేదు.

ఒరిబే శైలికి ఆ పేరు యోధుడు, తేనీటి గురువు అయిన ఫురుతా ఒరిబే వల్ల వచ్చింది. ప్రసిద్ధ తేనీటి గురువు సెన్ నో రిక్యూకు శిష్యుడైన ఈయన, గురువు నిరాడంబరతకు భిన్నంగా, వంకరను ధైర్యంగా మెచ్చుకున్న రసికుడు. ద్రోహం చేశాడన్న అనుమానంపై 1615లో ఆత్మహత్య చేసుకోవలసిందిగా ఆజ్ఞ పొంది మరణించాడు. ఆయన పేరుమీద నిలిచిన పాత్రల్లో ఒకవైపు రాగిపూత ఆకుపచ్చగా ప్రవహిస్తే, మిగిలిన తెల్లభాగంలో ఇనుప రంగుతో చక్రాలు, తీగలు, వస్త్రాల అంచులు గీసి ఉంటాయి. గిన్నెలు పాదరక్షల్లా వంగి ఉంటాయి, పళ్లేలు విసనకర్రల ఆకారంలో ఉంటాయి. గుండ్రనివి కాని ఈ ఆకారాలకు సారె చాలదు గనుక, మట్టిపలకను గుడ్డ పరచిన అచ్చుపై నొక్కి మలిచేవారు. ఆ గుడ్డ నేత గుర్తులు కొన్ని పళ్లేల లోపల నేటికీ కనిపిస్తాయి. కాలిన తర్వాత ఆకుపచ్చ పూతపై మసకగా ఒక రాగి పొర ఏర్పడుతుంది. ఓక్ జాతి చెట్ల కాయల చిప్పలను నానబెట్టిన వగరు నీటిలో పాత్రను ఉంచితే ఆ పొర కరిగి, అసలు పచ్చదనం బయటపడుతుంది.

ఒరిబే విస్తరించడానికి కొత్త ఆము కూడా కారణం. షినో కాలిన పాత ఆము ఒకే పెద్ద గది. తోకి పట్టణంలోని మొతొయాషికి వద్ద కొండవాలు మీద కట్టినదేమో గదికి గది తగిలించిన మెట్ల ఆము, కింది గది వేడి పైగదికి పాకుతూ పోయే ఏర్పాటు. ఈ నిర్మాణ విద్యను కతో కగెనొబు అనే కుమ్మరి క్యూషూలోని కరత్సు నుంచి తెచ్చాడు. కరత్సుకు అది కొరియా కుమ్మరుల నుంచి అందింది. మినో సంప్రదాయాన్ని అచ్చమైన జపాన్ సొత్తుగా పొగిడేవారు ఈ సంగతిని దాటవేయడం న్యాయం కాదు.

ఇంతటి పనితనం ఎక్కడిదో మధ్యకాలంలో మరుగునపడింది. పేర్లలో సెతో ఉన్నందువల్ల పసుపు, నలుపు, తెలుపు గిన్నెలన్నీ పొరుగున ఉన్న సెతో పట్టణంలో చేసినవేనని పండితులు శతాబ్దాలపాటు నమ్మారు. తజిమిలో 1894లో పుట్టిన అరకవా తోయోజో, 1930లో ఒక పాత షినో గిన్నెను పరిశీలించే అవకాశం దొరికినప్పుడు, దాని అడుగు వలయానికి అంటుకున్న ఎర్రని మట్టిబెడ్డ సెతో మన్నులా లేదని గమనించి, కని ప్రాంతంలోని ఒగయా కొండల్లో పాడుబడిన ఆముల శిథిలాలు వెతికి, అదే వెదురు మొలక బొమ్మ ఉన్న పెంకును కనుగొన్నారు. చరిత్ర పుస్తకాల్లోని నమ్మకాన్ని ఒక్క పెంకు తలకిందులు చేసింది. ఆయన అక్కడే ఆము కట్టుకుని, ఎవరికీ గుర్తులేని షినో పద్ధతిని ఏళ్ల తరబడి ప్రయోగాలతో తిరిగి రాబట్టగా, 1955లో జపాన్ ప్రభుత్వం షినో, సెతోగురో విద్యలకు ఆయనను సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. పాత్రకు కిందివైపు, ఎవరి కంటా పడని అడుగును చదవడం ఎంత విలువైన విద్యో తెలియాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నేటి పోటీ జరిగే భవనం, 2002లో తజిమిలో తెరిచిన సెరామిక్స్ పార్క్ మినో, వాస్తుశిల్పి ఇసొజాకి అరతా రూపకల్పన. భూకంపం వచ్చినా పాత్రలు పడిపోకుండా ఉండేలా అందులో ప్రదర్శనశాలను పైనుంచి వేలాడదీసిన విధంగా కట్టారు. మొదటి నుంచీ ఈ పోటీ కళాఖండాన్నే కాక, నిత్యం వాడే పాత్రల రూపకల్పనను కూడా గౌరవించింది. కోట్ల మంది అన్నం తినే గిన్నెను తయారు చేసే ఊరు, ఆ గిన్నెను కళకు దూరంగా పెట్టకపోవడం సబబైన పని. అనేక కళాపోటీలు ఈ విషయంలో మినోను చూసి నేర్చుకోవలసి ఉంది.

ఎంపిక రెండు దశల్లో జరుగుతుంది. తొలి దశలో న్యాయనిర్ణేతల ముందుకు వెళ్లేది ఛాయాచిత్రాలు, కొలతలు, వాడిన పదార్థాల వివరాలు. అందులో నెగ్గినవారు అసలు పాత్రను పంపాలి. రెండు దశలకూ కావలసిన గుణాలు వేరు. ఛాయాచిత్రంలో రంగూ ఆకారమూ కనిపిస్తాయి, బరువు కనిపించదు, పెదవికి తగిలే అంచు తెలియదు, అడుగు ఎలా చెక్కారో తెలియదు. బొమ్మలో మెరిసి చేతిలో వెలవెలబోయే పని రెండవ దశలో బయటపడిపోతుంది. అందుచేత పోటీకి పంపదలచినవారు ముందుగా పాత్రను తలకిందులు చేసి చూసుకోవాలి. రెండవది, లెక్క పుస్తకం. మన్ను ఎక్కడిది, ఆరినప్పుడు కాలినప్పుడు ఎంత కుంచించుకుపోయింది, పూతలో ఏ ఖనిజం ఎన్ని పాళ్లు, ఆము ఏ గంటకు ఏ వేడికి చేరింది అన్నవి రాసిపెట్టుకోనివారు దైవికంగా వచ్చిన మంచి పాత్రను రెండోసారి చేయలేరు, పగిలితే బదులు పంపలేరు. అధిక వేడిలో కాలే మన్ను తడి స్థితి నుంచి కాలేసరికి పదో వంతు పైగా కుంచించుకుపోవడం మామూలే, కాబట్టి పరిమాణానికి హద్దులున్న పోటీలో ఈ లెక్క మరీ అవసరం. ఇక ప్యాకింగ్: సన్నగా నిలుచున్న చేతులు, కొమ్ములు సముద్రయానానికి తట్టుకోవని ముందే గ్రహించి, పెట్టెలో పెట్టె అమర్చి, తెరిచినవారు మళ్లీ అలాగే సర్దగలిగేలా బొమ్మ గీసి లోపల ఉంచడం అనుభవజ్ఞుల పద్ధతి.

మన దేశానికీ జపాన్ మట్టికళకూ సంబంధం కొత్తది కాదు. గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్లి ఆ విద్య నేర్చి వచ్చి, తరువాత ఢిల్లీలో స్టూడియో మట్టిపనికి, అంటే కర్మాగారంలో కాక ఒక్కొక్కరు స్వయంగా చేసే కళాపాత్రలకు, పునాది వేశారు. భారతీయ సెరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన 2018లో జైపూర్‌లో మొదలైంది. తెలుగు కుమ్మరి ఆములో కాలిన కుండ తక్కువ వేడిది, పూత లేనిది, నీరు చెమర్చేది. అలా చెమర్చడం వల్లే ఎండాకాలంలో నీటిని చల్లబరుస్తున్నది, కాబట్టి షినో గిన్నె పక్కన దాన్ని తక్కువగా చూడవలసిన పని లేదు. అయితే ఎక్కువ వేడికి వెళ్లదలచినవారికి పదార్థం కరవు కూడా లేదు. మినో తెలుపుకు మూలమైన ఫెల్డ్‌స్పార్ నెల్లూరు అభ్రక భూముల్లో తవ్వుతారు, మహబూబ్‌నగర్ ప్రాంతంలోనూ దొరుకుతుంది. ద్వారకా తిరుమల పరిసరాల్లో జిగట గల తెల్ల బంకమన్ను ఉంది. గూడూరులో సిరామిక్ సాంకేతిక విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. ఇంత రాయి మన నేలలో తవ్వి బస్తాల్లో టైల్స్ కర్మాగారాలకు పంపుతున్నప్పుడు, అందులో ఒక్క బస్తాను పక్కన పెట్టి, నూరి, వేర్వేరు మందాల్లో పూసి, వేర్వేరు వేడిమిలో కాల్చిన వంద పరీక్ష ముక్కల వరుసను గూడూరు విద్యార్థులు, తెలుగు కుమ్మరి కుటుంబాల యువతరం కలిసి తయారు చేయాలి. మినోకు దరఖాస్తు పత్రం నింపడం ఆ తర్వాతి పని.