క్రీడాభిరామంలో పలనాటి పాట: హాస్యానికి లక్ష్యం ఎవరు?

వీథి అనే రూపకభేదానికి తెలుగులో ప్రసిద్ధమైన ఉదాహరణ ‘క్రీడాభిరామం’. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. దీని కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న చర్చ సుప్రసిద్ధమే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కన్నవీ విన్నవీ చెప్పుకోవడం ఇందులోని ఇతివృత్తం. హాస్యం దీనికి ప్రాణం. ఆ వీధుల్లోనే పలనాటి వీరుల పాట కూడా వినిపిస్తుంది. హాస్యకృతిలో ఉన్న ఈ గానవర్ణనను సంగీతచరిత్రకు సాక్ష్యంగా గ్రహించవచ్చునా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఆ పద్యంలో ఒక స్త్రీ వీరగాథను ద్విపద ప్రబంధంగా పాడుతుంది. ద్రుతతాళం, వాద్యపు మోత, యతి, గ్రామం అన్నీ ప్రస్తావనకు వస్తాయి. వీధిపాటకు ఇంత శాస్త్రపరిభాష ఎందుకన్న అనుమానం సహజం. అల్పవిషయాన్ని గంభీరమైన మాటలతో చెప్పి నవ్వించడం పేరడీకి పాత పద్ధతే కదా!

అయితే సంగీతంలో పేరడీ పుట్టాలంటే మూలరూపం వికృతం కావాలి. ‘శంకరాభరణం’ (1980) చిత్రంలో సంగీతోపాధ్యాయుడు మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగకృతి ‘బ్రోచేవారెవరురా’ను వక్రంగా పాడతాడు. సరైన రూపం శ్రోతకు తెలుసు గనుకనే నవ్వు వస్తుంది. శంకరశాస్త్రి మందలింపుతో ఆ రూపం మళ్లీ నిలబడుతుంది. అక్కడ హాస్యానికి గురైనవాడు గాయకుడే గాని కృతి కాదు.

క్రీడాభిరామంలో అలాంటి వక్రత కనిపించదు. తాళం, యతి, ఛందస్సు ఒకదానితో ఒకటి పొసగుతాయి. శ్రీనాథుని పేర వెలసిన ‘పల్నాటి వీరచరిత్ర’ కూడా ద్విపదే కనుక ఛందోనిర్దేశం అలంకారమాత్రం కాదు. అతిశయోక్తి ఉన్నదల్లా అక్షరమక్షరానికీ తూలిపోయే కుమారకుల వర్ణనలోనే. దానిని వీరావేశమని భావించినా, వేళాకోళమని భావించినా పాటకు మాత్రం హాని లేదు. హాస్యమే ఉన్నదనుకుంటే అది శ్రోతలకు తగులుతుంది, గాయనికి కాదు.

ఈ విచక్షణ పలనాటికి అవసరం. మాచర్ల చెన్నకేశవాలయంలో బ్రహ్మనాయుని స్మృతి నిలిచి ఉంది. కారంపూడి వీరుల ఉత్సవాలలో వీరవిద్యావంతులు నేటికీ ఆ కథను పాడుతున్నారు. ఆ గానాన్ని ‘జానపదం’ అని పేర్కొని సంగీతచరిత్ర వెలుపల ఉంచడం మనకు అలవాటైంది. ఒక్క పద్యం ఆధారంగా దానిని శాస్త్రీయసంగీతమనడం తొందరపాటే. ఆ పరిభాష కవిదే గాని గాయనిది కాకపోవచ్చు. అయినా శాస్త్రం తెలిసిన ఒక చెవి ఆ పాటలోని లయను, యతిని ఆనాడే గుర్తించింది. నవ్వించే కావ్యం చెప్పినంత మాత్రాన ఆ సాక్ష్యం చెల్లకుండా పోదు.