యుగంధర్ రాని కేసు

ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీ చేసే మనోళ్ల చేతుల్లో ఒకప్పుడు అద్దె డిటెక్టివ్ నవలలుండేవి. కొమ్మూరి సాంబశివరావు (1926-1994) డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంతంతమాత్రం చదువున్నోళ్లకూ చదివే అలవాటు నేర్పారు. ఆ మేలు కాదనలేం. కానీ ఆ లోకంలో హత్యకు డబ్బు కారణం, పగ కారణం. కులం కారణమవడం నాకు కనబడలేదు.

అమెరికా నల్లజాతి రచయిత వాల్టర్ మోస్లీ 1990లో తన తొలి నవలతోనే ఈజీ రాలిన్స్‌ను తెచ్చాడు. ఇతను ఫ్యాక్టరీలో పని పోయినవాడు, ఇంటి అప్పు కట్టాల్సినవాడు. నేరం చేయకముందే అతని రంగు అతన్ని అనుమానితుణ్ణి చేస్తుంది.

మన దగ్గర? 1991లో చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. మరి చంపిందెవరు? డిటెక్టివ్ నవల అడిగేది ఈ ప్రశ్నే గదా! ఈ కేసుకు యుగంధర్ రాలేదు. నాచారంలో డ్యూటీ దిగినోళ్లే ఆ నవల రాయాలె.