పుట్టిల్లు మరిచిన దారి

ట్రేస్‌రూట్ కొడితే తెర మీద అవే మూడు చిరునామాలు గానుగెద్దులా తిరుగుతుంటాయి. కేబుళ్లు సరిగానే ఉన్నాయి, రౌటర్లు ఇరుగుపొరుగుతో మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ప్యాకెట్ మాత్రం ఊరు చేరదు. సీసీఐఈ ల్యాబ్‌కు కూర్చున్నవాళ్లలో ఈ దృశ్యం చూడనివాళ్లు అరుదు.

సిస్కో 1993లో మొదలుపెట్టిన ఈ పరీక్షలో ప్రాక్టికల్ మొదట్లో రెండు రోజులు సాగేది. 2001లో దాన్ని ఒక్క రోజుకు, 8 గంటలకు కుదించారు. ఒక ప్రోటోకాల్ తెలుసుకున్న దారులను మరో ప్రోటోకాల్‌కు అప్పజెప్పే ‘రీడిస్ట్రిబ్యూషన్’కు అందులో పాత పేరుంది. రెండు కంపెనీలు కలిసినప్పుడు ఒకచోట రిప్, ఇంకోచోట ఓఎస్‌పీఎఫ్ నడుస్తుంటే ఇంజినీరు చేయాల్సిన పనీ ఇదే.

కమాండ్ ఒక్క లైనే. కొలతలే కుదరవు. రిప్ ఎన్ని రౌటర్లు దాటాలో లెక్కపెడుతుంది. 15 దాకా సరే, 16 అంటే దారి లేనట్టే. ఓఎస్‌పీఎఫ్ లింకు వేగాన్ని బట్టి ఖర్చు కడుతుంది. మూరలను కిలోల్లోకి మార్చే సూత్రం ఎక్కడిది? అందుకే మొదటి అంకె మనమే చేత్తో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఓఎస్‌పీఎఫ్ తనంతట తానే 20 వేసుకుంటుంది. రిప్, మరో ప్రోటోకాల్ ఈఐజీఆర్‌పీ మాత్రం ఆ దారిని అనంతదూరంగా లెక్కగట్టి వదిలేస్తాయి. అమీర్‌పేటలో నేర్చుకున్నా, ఇంట్లో జీఎన్ఎస్3 సాఫ్ట్‌వేర్ మీద సాధన చేసినా తొలి దెబ్బ తగిలేది ఇక్కడే.

అసలు కథ రెండు ప్రోటోకాళ్లూ నడిచే సరిహద్దు రౌటర్లు ఆర్2, ఆర్3 అని రెండైనప్పుడు మొదలవుతుంది. రిప్ వైపు దూరాన 10.1.1.0/24 ఉందనుకుందాం. ఆర్2 దాన్ని ఓఎస్‌పీఎఫ్‌కు చెబుతుంది. ఆర్3కి అదే దారి రెండువైపుల నుంచీ వినిపిస్తుంది. రిప్ మాటకు విలువ 120, ఓఎస్‌పీఎఫ్ మాటకు 110. అంకె తక్కువైతే నమ్మకం ఎక్కువ. దాంతో ఆర్3 పక్కనే ఉన్న రిప్ దారిని కాదని చుట్టుదారి పడుతుంది. అంతటితో ఊరుకుంటుందా? ఆ దారినే 1 అనే మెట్రిక్‌తో తిరిగి రిప్‌లోకి పంపుతుంది. మూడు రౌటర్ల అవతల ఉన్న నెట్‌వర్క్ ఇప్పుడు ఆర్3 గుమ్మంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలోని రిప్ రౌటర్ అటే తిరుగుతుంది, ఆర్3 ఆర్2కి తోస్తుంది, ఆర్2 మళ్లీ ఆ మధ్య రౌటర్‌కే. గానుగ సిద్ధం.

దారికి దాని పుట్టిల్లు గుర్తుచేయడమే దీనికి మందు. రిప్ నుంచి బయల్దేరేటప్పుడు రూట్‌మ్యాప్‌లో 120 అని ట్యాగ్ కడతారు. ఆ ట్యాగున్న దారిని తిరిగి రిప్‌లోకి రానివ్వకుండా ఇంకో సరిహద్దులో ఆపుతారు. రెండో దిక్కున 110 ట్యాగ్‌తో ఇదే పని. సంఖ్య ఏదైనా ఫరవాలేదు గానీ ప్రోటోకాల్ విలువనే ట్యాగుగా వాడటం ల్యాబ్ జనానికి అలవాటైంది. హడావుడిలో అదే కాపాడుతుంది.

చాలామంది ఇక్కడితో చేతులు దులుపుకుంటారు. గానుగ ఆగింది కదా! కానీ ఆర్3 ఇంకా చుట్టుదారిలోనే పోతోంది. సరిహద్దు రౌటర్లలో ఓఎస్‌పీఎఫ్ బయటి దారుల విలువను 120 దాటించి 121 చేస్తే తప్ప అది రిప్ మాట వినదు.

చేయి తిరిగినవాళ్లు అప్పుడూ లేవరు. రౌటర్లను ఒకసారి రీలోడ్ చేసి చూస్తారు. ముందు ఎవరు చెబితే వాళ్ల దారి నిలిచే ఆట ఇది. విలువ మార్చడం ఒక్క రౌటర్లో మరిచినా, ఇందాక ఆర్3 పడిన చుట్టుదారిలో ఈసారి ఆర్2 పడవచ్చు.