సంస్థానపు కాగితాలూ, గురజాడ ఉత్తరాలూ

గొప్ప రచయిత ఉత్తరాలు దొరికితే వాటిలో మనం మహావాక్యాల కోసం వెదుకుతాం. సంస్థానపు చిట్టాలూ, దావా కాగితాలూ దొరికితే చరిత్రకారుడికి అప్పగించి చేతులు దులుపుకుంటాం. ఈ విభజన సాహిత్య విమర్శకు నష్టం చేసిందని నా అభిప్రాయం. గురజాడ అప్పారావు విషయంలో మరీను.

ఈ ఆలోచన నాకు మెదకులో కలిగింది. ఒక పాత యింటివారు అటకమీది కాగితాలను తూకానికి వేయబోతూ, పనికివచ్చేవి ఏమైనా ఉన్నాయేమో చూడమని నన్ను పిలిచారు. పారసీ పోయి ఉర్దూ నిజాం రాజ్యంలో కచ్చేరీ భాష అయిన 1880ల తరువాతి కాగితాలవి. సగం వసూలు-బాకీ లెక్కలు, ఉర్దూలో. తక్కినవి పెళ్లి కబుర్లూ, జబ్బు కబుర్లూ నిండిన తెలుగు ఉత్తరాలు. లెక్కలను ఒక వృద్ధ మిత్రుడు నాకు చదివి చెప్పారు. కొడుకు చదువుకు డబ్బు పంపుతున్నామని రాసిన ఉత్తరంలో ఆ డబ్బు ఎక్కడిదో లేదు. బాకీ లెక్కల్లో రైతుల పేర్లున్నాయి గాని, వాళ్ల నోటిమాట ఒక్కటి లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఆ ఇల్లు నాకు అర్థమయింది.

గురజాడను (1862–1915) కూడా ఇట్లాగే చదవాలి. ఆయన తిన్నది విజయనగర సంస్థానపు జీతం. ఆనందగజపతి కొలువులో శాసన పరిశోధకుడు. 1897లో మహారాజు చనిపోయిన తరువాత, ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబ వద్ద కార్యదర్శి. 1913లో రాజీ కుదిరేదాకా సాగిన వారసత్వపు తగాదా భారం చాలావరకు ఆయన మీదనే పడింది. ఆయన ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్న లేఖలనూ, డైరీలనూ అవసరాల సూర్యారావు సంపాదకత్వంలో విశాలాంధ్రవారు 1950లలో తెలుగులో వెలువరించారు. వాటిలో మనం వ్యవహారభాషావాదిని చూశాం, సంస్కర్తను చూశాం. సంస్థానోద్యోగిని చూడటానికి మాత్రం మొగమాటపడ్డాం.

మొగమాటం ఎందుకు? 1897 నాటి ‘కన్యాశుల్కం’ పీఠిక చూడండి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాలకు మహారాజు జాబితా వేయించారు. మొత్తం 1,034. అయిదేళ్లకు పెళ్లయినవారు 99 మంది, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. శిస్తు లెక్కలు వేసే పద్ధతిలోనే పిల్లల వయస్సూ, వెలా లెక్క తేలాయి. ఇది అచ్చంగా సంస్థానపు కాగితం. ఇందులో ఏడుపు లేదు. నూతిలో దూకిన తల్లి వెంకమ్మ లేదు. లెక్క విడిచిపెట్టిన ఆ మనుషులను గురజాడ నాటకంలోకి తెచ్చాడు. 1909లో తిరగరాసిన ప్రతిలో వకీళ్లూ, సాక్ష్యాలూ, దస్తావేజులూ అంత సజీవంగా ఉన్నాయంటే, ఆ ప్రపంచంలో ఆయన రోజూ మసలినవాడు కనుకనే.

అయితే ఆ కిటికీకి ఒక హద్దు కూడా ఉంది. జాబితాలో ఉన్నవి బ్రాహ్మణ కుటుంబాలు. జమీందారీకి శిస్తు కట్టిన రైతు ఆ జాబితాలోనూ లేడు, ఈ నాటకానికి కేంద్రమూ కాలేదు. ఈ మాట చెప్పటం గురజాడను తగ్గించటం కాదు. ఆయన ఎక్కడ నిలబడి చూశాడో తెలిస్తేనే, ఎంత దూరం చూడగలిగాడో మనకు తెలుస్తుంది.

అసలీ కాగితాలు ఎందుకు, కాల్చటమే మేలు కదా అనే మిత్రులుండవచ్చు. 1946–51 తెలంగాణ పోరాటంలో రైతులు దొరల గడీలలోని పత్రాలను తగలబెట్టారు. అక్షరం రాని ఆ జనానికి కాగితం అర్థం మనకంటే బాగా తెలుసు. అది ఉన్నంతకాలం అప్పు ఉంటుంది. ఆ చేతులను నేను తప్పుపట్టను. కాని నేడు మిగిలిన ఈ కాగితాలకు వసూలు చేసే బలం లేదు, సాక్ష్యం చెప్పే బలమే ఉంది. వీటిని తూకానికి వేస్తే నష్టపోయేది దొర కాదు, బాకీ లెక్కలో పేరున్న రైతు మునిమనుమడు.

మెదకు ఇంటివారు ఆ మూటను ఇంకా అమ్మలేదు. నా వృద్ధ మిత్రుడి చూపు మందగిస్తున్నది. ఉర్దూ చదవగల విద్యార్థి ఒక్కడు వచ్చి నా పక్కన కూర్చుంటే, రెండో సగం చదవటం మొదలుపెడతాం.