గడప దాకా వచ్చిన కథ

వీడియో గేములు అనగానే మీలో సగంమంది ఈ పేజీ తిప్పేస్తారని తెలుసు. కత్తులూ, రక్తపాతమూ, పిల్లల కళ్ళు పాడుకావడమూ తప్ప వాటిలో ఏముంది అంటారు. నేను నవలలు రాసుకునేదాన్ని. అయినా మాయాలోకపు గేములంటే నాకు వల్లమాలిన అభిమానం. ఏ నవల చదివినా నాకొచ్చే సందేహమే వీటి దగ్గరా వస్తుంది: ఈ లోకంలో మనుషులు కాపురాలెలా చేస్తున్నారు?

2011లో అమెరికాలోని బెథెస్డా సంస్థ తెచ్చిన 'స్కైరిమ్' చూడండి. మంచుకొండలు, ఊళ్ళు, రాజుల తగవులు, తెరిచి చదువుకోవడానికి వందలాది పుస్తకాలు! ఎంత ఓపికో! తీరా పెళ్ళి దగ్గరికొచ్చేసరికి, నచ్చినవాళ్ళకో ఉపకారం చేసి, మారా దేవత పతకం మెళ్ళో వేసుకుని పలకరిస్తే చాలు. ఆ తర్వాత రోజుకో పూట వండిపెట్టడం, దుకాణం లాభంలో వాటా చేతికివ్వడం. అలకా లేదు, నిలదీతా లేదు. భార్యయినా భర్తయినా అంతే! లోకాన్ని మింగేస్తానన్న డ్రాగన్ కూడా, మనం నెలల తరబడి పూలు కోసుకుంటూ తిరిగినా ఓపిగ్గా కాచుకుని ఉంటుంది.

పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో తెచ్చిన 'ది విచర్ 3' అలా కాదు. దీనికి ఆధారం ఆంజేయ్ సప్కోవ్‌స్కీ నవలలు. రాక్షసుల్ని వేటాడే జెరాల్ట్, కూతురిలా పెంచిన సిరిని వెతుక్కుంటూ వెలెన్ అనే చిత్తడినేలకొస్తాడు. అక్కడి దొర, "ముందు నా భార్యనూ కూతుర్నీ వెతికిపెట్టు, నీ పిల్ల సంగతి చెబుతా"నంటాడు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. తాగొచ్చి భార్యను కొట్టేవాడు. ఓ రాత్రి ఆమెకు గర్భం పోయింది. ఆ పసిగుడ్డును పేరైనా పెట్టకుండా పూడ్చేశాడు.

అలా పూడ్చిన బిడ్డ పిశాచమై గర్భిణుల్ని పీడిస్తుందని ఆ లోకపు నియమం. నరికేసి ఊరుకోవచ్చు. లేదా తండ్రే దాన్ని చేతుల్లో ఎత్తుకుని, ఇంటిదాకా మోసుకొచ్చి, పేరు పెట్టి గడప కింద పాతితే, ఆ ఇంటిని కాచే ఆత్మ అవుతుంది. స్లావ్ జానపద విశ్వాసాల్లోంచి తీసుకున్నదిది. లోకాన్ని సృష్టించడమంటే ఇదీ! పటాలూ, వంశవృక్షాలూ ఎన్నయినా గీయొచ్చు. తాను చేసిన పాపాన్ని ఓ మగవాడి చేత చేతులారా మోయించే నియమం కల్పించడం తేలిక కాదు.

అయినా నాకో అసంతృప్తి ఉంది. ఆ కాపురం కథంతా దొర నోటనే వింటాం. తాగుడికి కారణాలు ఆయనే చెబుతాడు, కన్నీళ్ళూ ఆయనే పెట్టుకుంటాడు. మన జాలిలో ముప్పాతిక వంతు ఆయనకే పోతుంది. కూతురు తమారా మాత్రం క్షమించదు, ఇంటికి రానంటుంది. ఆ పిల్లను అలా నిలబెట్టినందుకు రచయితలకు దణ్ణం పెట్టాలి. మరి భార్య అన్నా? ఆమె మాటలు వినిపించేది బహు తక్కువ. ఆట ఒక దారిన పోతే ఆమెకు మరణం, మరో దారిన పోతే మతి చలించడం. కడుపులోని బిడ్డ వద్దనుకుని అడవి మంత్రగత్తెలతో ఒప్పందం చేసుకున్న ఆ తల్లి అప్పుడేం తలపోసిందో ఆమె నోట వినాలని నాకెంత కోరికో!

ఇలాంటి గేములు రాసేవాళ్ళు గడప దాకా వచ్చారు, సంతోషం. లోపలున్న ఆవిణ్ణి కూడా పలకరిస్తే ఇంకా బాగుంటుంది.